మోగని పెట్టె

బంగారురాజు గారి ఉప్పుడు బియ్యం మిల్లులో కొత్త కంట్రోల్ పెట్టె పెట్టి నలభై నాలుగు రోజులయింది. ఆ నలభై నాలుగు రోజుల్లో అది తనంతట తాను ఒక్కసారి కూడా మోగలేదు.

అందుకు అందరూ సంతోషించారు. పాత పెట్టె వారానికి రెండుసార్లయినా గోల పెట్టేది. బాయిలర్‌లో నీరు తగ్గినా మోగేది, గొట్టంలో గాలి బుడగ చేరినా మోగేది, కరెంటు ఊగినా మోగేది. మోగినప్పుడల్లా మంట ఆపి, ఏమయిందో చూసుకుని, మళ్ళీ రాజెయ్యాలి. కొత్తదానితో ఆ బాధ వదిలిందని బంగారురాజు రాజాం బజారులో కనపడ్డవాళ్ళకల్లా చెప్పాడు. ఆ మాట విని చుట్టుపక్కల ఇంకో ఆరు మిల్లులవాళ్ళు అదే పెట్టె పెట్టించుకున్నారు.

సంతోషించనివాడు ఒక్కడే, బాయిలర్ చూసే అసిరయ్య. ఇరవై ఆరేళ్ళుగా అతనికి అదే పని. నలభై నాలుగో రోజు సాయంత్రం అతను చరితకు ఫోన్ చేశాడు. ఆ పెట్టెలో నడిచే ప్రోగ్రాం రాసింది ఆమే.

"పాపా, మీ పెట్టి మోగట్లేదు," అన్నాడు.

నీరు తగ్గకపోతే అదెందుకు మోగుతుంది బాబాయ్, అంది చరిత. పొద్దున్నే పరీక్ష బటన్ నొక్కి చూస్తున్నారా అని అడిగింది. రోజూ నొక్కుతున్నానని, నొక్కితే హూటర్ మోగుతోందని అతను చెప్పాడు.

"మరైతే బాగానే ఉన్నట్టు కదా."

"ఏమో పాపా. నొక్కితే మోగతాది. నొక్కకపోతే మోగదు. నాకేటో బాగోలేదు."

ఫోన్ పెట్టేసే ముందు ఇంకో సంగతి కూడా చెప్పాడు. పెట్టె ఇంత బాగా పనిచేస్తుంటే బాయిలర్ దగ్గర ఒక మనిషి ఊరికే కూర్చోవడం ఎందుకని బంగారురాజు అన్నాడట. రేపటి నుంచి అసిరయ్యను ధాన్యం నానబెట్టే తొట్ల దగ్గరకు మారుస్తున్నారు. డ్రయ్యరు చూసే ధనరాజే మధ్యమధ్యలో వచ్చి బాయిలర్ కూడా చూస్తాడు.

చరిత ఫోన్ పక్కన పెట్టి, పెద్దవాళ్ళకు కొత్తదంటే ఎప్పుడూ అనుమానమే అనుకుంది. అనుకుని, లేచి వెళ్ళి లాప్‌టాప్‌లో తన ప్రోగ్రాం మొదటినుంచి చివరిదాకా ఒకసారి చదివింది. ఎక్కడా తప్పు కనిపించలేదు.

చరితది బొబ్బిలి. తండ్రి గుడిలో సన్నాయి వాయిస్తాడు. రాజాంలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చదివి, అక్కడే ఆనంద్‌కుమార్ వర్క్‌షాపులో చేరింది. రెండు గదుల వర్క్‌షాపు అది. అరచేయంత సర్క్యూట్ బోర్డును రేకు పెట్టెలో బిగించి, పైన హూటరు, ముందు ఒక పచ్చ దీపం, చిన్న తెర పెట్టి మిల్లులకు అమ్ముతారు. ఆమె చేరేనాటికి వాటిలో నడిచే ప్రోగ్రాం ఎవరో ఎప్పుడో రాసి వెళ్ళిపోయినది. మూడువేల వరుసలు ఒకే ఫైల్లో ఉండేవి. ఏ మిల్లుకు ఆ మిల్లు దానికో నకలు తీసి, అక్కడక్కడ మార్చి వాడేవారు. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట చెడేది.

దాన్ని ఆబ్జెక్టుల పద్ధతిలో కొత్తగా రాయాలని ఆనంద్‌కుమారే అన్నాడు. నేర్చుకోమని శ్రీకాకుళంలో విశ్వనాథ్ మాస్టారి దగ్గరకు పంపించాడు. మాస్టారు విశాఖపట్నంలో మీటర్లు తయారుచేసే కంపెనీలో పాతికేళ్ళు పనిచేసి, రిటైరై, నాగావళి ఒడ్డున ఉన్న ఇంటి మేడమీద ప్రతి ఆదివారం పొద్దున్న ఐదారుగురికి చెప్పేవాడు. ఒక్కొక్కరి ముందూ ఒక బోర్డు, నాలుగు దీపాలు, గుప్పెడు వైర్లు. తెరమీద వచ్చిందాన్ని నమ్మొద్దనేవాడు. బోర్డుమీద దీపం వెలిగితేనే మీరు రాసింది పనిచేసినట్టు అనేవాడు.

చరితకు ఆ చదువు బాగా పట్టుకుంది. ఒక వస్తువుకు సంబంధించిన లెక్కలూ పనులూ ఒకేచోట కట్టిపెట్టి క్లాస్ అనడం, ఆ క్లాసుతో ఎన్ని కావాలంటే అన్ని ఆబ్జెక్టులు చేసుకోవడం, తల్లి క్లాసు నుంచి పిల్ల క్లాసులు పుట్టించడం, ఒకే ప్రశ్నకు ఒక్కో పిల్ల తన జవాబు తాను చెప్పేలా రాయడం. రాజాం బస్సులో తిరిగి వస్తూ కిటికీ పక్కన కూర్చుని కాగితంమీద బొమ్మలు గీసుకునేది. మూడువేల వరుసల ఫైలు ఆమె చేతిలో తొమ్మిదివందల వరుసలయింది. 'అలారం' అని ఒక తల్లి క్లాసు రాసింది. దానికి ఒకే ప్రశ్న: ప్రమాదమా? తల్లి జవాబు ఎప్పుడూ 'కాదు'. దానికింద ఆరు పిల్లలు: నీరు తగ్గడం, ఆవిరి ఒత్తిడి పెరగడం, పొగగొట్టం వేడెక్కడం, ఇంకో మూడు. ఒక్కో పిల్ల తనకు సంబంధించిన సెన్సారును చూసి, ప్రమాదమో కాదో తన జవాబు చెబుతుంది. ఆరింటినీ ఒక వరుసలో పెట్టి, సెకనుకు పదిసార్లు ఒక్కొక్కదాన్నే అడుగుతూ పోవాలి. ఏ ఒక్కటి అవునన్నా హూటరు మోగాలి, మంట ఆగాలి.

బల్లమీద ఒక్కొక్క అలారాన్నే విడిగా పరీక్షించింది. ఆరూ సరిగ్గా పనిచేశాయి. ఆనంద్‌కుమార్ ఆమె భుజం తట్టి, ఈ ఆదివారమే బంగారురాజు మిల్లులో పెట్టేద్దామన్నాడు. ఆ వారం ఆమె మాస్టారి క్లాసుకు వెళ్ళలేదు. తరువాత వరుసగా మిగతా ఆరు మిల్లుల పని ఉండి ఆదివారాలన్నీ అలాగే గడిచిపోయాయి.

పెట్టె బిగించినరోజు జరిగింది ఆమెకు బాగా గుర్తు. బాయిలర్‌లో నీరు నిజంగా దించి, హూటరు మోగుతోందో లేదో, మంట ఆగుతోందో లేదో చూడాలి. అది పరీక్ష కాగితంలో నాలుగో వరుస. కాని తొట్లలో ధాన్యం నానుతోంది, ఇప్పుడు ఆవిరి ఆపితే పులిసిపోతుందని బంగారురాజు ఒప్పుకోలేదు. బటన్ నొక్కితే మోగింది కదా, చాలులే అన్నాడు ఆనంద్‌కుమార్. బటన్ నేరుగా హూటరును మోగిస్తుంది, దానికీ నీటికీ సంబంధం లేదని చరితకు తెలుసు. తెలిసీ నాలుగో వరుసలో టిక్కు పెట్టి, కింద సంతకం చేసింది.

అసిరయ్య ఫోన్ చేసిన తరువాత వచ్చిన ఆదివారం ఆమె మళ్ళీ శ్రీకాకుళం వెళ్ళింది. మాస్టారు ఆవేళ ఒక చిన్న లెక్క ఇచ్చాడు. 'దీపం' అనే తల్లి క్లాసు ఉంది, అది ఏమీ చెయ్యదు. దానికి ఇద్దరు పిల్లలు. ఒకటి నిలకడగా వెలిగే దీపం, రెండోది ఆరుతూ వెలుగుతూ ఉండే దీపం. దీపాల వరుస ఒకటి చేసి, పిల్లలిద్దరినీ అందులో పెట్టి, ఒక్కొక్కరినీ వెలగమని అడిగితే ఏమవుతుందని అడిగాడు. ఒకటి నిలకడగా, ఒకటి ఆరుతూ వెలుగుతాయని కొత్తగా చేరినవాళ్ళు అన్నారు. చరిత కూడా అంది. మాస్టారు తన బోర్డుకు కరెంటు ఇచ్చాడు.

రెండు దీపాలూ వెలగలేదు.

చరిత ఆ నల్లటి దీపాలవైపు చూస్తూ ఉండిపోయింది.

"మీరు వరుసలో గదులు కట్టింది తల్లి కొలతకి," అన్నాడు మాస్టారు. "పిల్లని తీసుకొచ్చి అందులో పెడితే పట్టినంతే పట్టింది. మిగతాది తెగిపోయింది. ఇప్పుడు ఆ గదిలో ఉన్నది పిల్ల కాదు, తల్లే. మీరు అడిగితే తల్లి జవాబే వస్తుంది."

"ఎర్రర్ రాదా మాస్టారూ?"

"రాదు. రాసిన పద్ధతిలో తప్పులేదు కదా. అందుకే ప్రమాదాలు చూసేచోట తల్లికి సొంత జవాబే ఉండకూడదు, ఖాళీగా వదిలెయ్యాలి. అప్పుడు ఇలాంటి వరుస రాస్తే కంపైలే అవదు, కంప్యూటరే ఒప్పుకోదు. ఇది ఏడు వారాల కింద చెప్పాను. నువ్వు ఆవేళ రాలేదు."

ఆమె లాప్‌టాప్ తెరిచింది. వెతకక్కర్లేకపోయింది, ఆ వరుస ఎక్కడుందో ఆమె వేళ్ళకు తెలుసు. అలారం అనే తల్లి పేరుతో ఆరు గదులు, వాటిలో వరుసగా ఆరు పిల్లలు. నీరు తగ్గడాన్ని చూసే పిల్ల మొదటి గదిలో ఉంది. ఉందని ఆమె అనుకుంది. ఏడు వారాలుగా ఏడు మిల్లుల్లో ఆ పెట్టెలు సెకనుకు పదిసార్లు ప్రమాదమా అని అడుగుతున్నాయి. సెకనుకు పదిసార్లు కాదు అనే జవాబు వస్తోంది. నీరున్నా అదే జవాబు, నీరు లేకపోయినా అదే జవాబు.

మాస్టారు ఆమె వెనక నిలబడి తెర చూశాడు. ఇది ఎక్కడ నడుస్తోందని అడిగాడు. ఆమె చెప్పింది. ముందు ఆపించమన్నాడు ఆయన. ఎందుకు ఏమిటి అన్నది తరువాత, ముందు మంటలు ఆపించు అన్నాడు.

బస్టాండుకు నడుస్తూ ఆనంద్‌కుమార్‌కు ఫోన్ చేసింది. అతను మొత్తం విన్నాడు. గొంతులో కంగారు లేదు.

"నీళ్ళ పంపు దానంతట అది పనిచేస్తోందా?"

"చేస్తోంది సార్. అది వేరే భాగం. కాని పంపుకు ఏదయినా అయితే చెప్పడానికి ఇంకేమీ లేదు."

"ఏడు వారాలు ఏమీ కాలేదు కదా. ఇవాళే అవుతుందా? రేపు సర్వీసు పేరు చెప్పి వరుసగా వెళ్ళి మార్చేద్దాం. నువ్వు ఎవరికీ ఫోన్లు చెయ్యకు చరితా. చేశావంటే రేపటినుంచి మన పెట్టె ఎవడూ కొనడు."

ఆమె ఫోను పెట్టేసింది. బస్సెక్కి కూర్చుని ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టింది. బస్సు చిలకపాలెం దాటేలోపు నలుగురు మిల్లు యజమానులు దొరికారు. ఇద్దరు వెంటనే ఆపిస్తామన్నారు. ఒకతను తిట్టి ఆపించాడు. ఒకరి మిల్లు ఆ వారమంతా మూతేసి ఉంది. ఇంకో రెండుచోట్ల మేనేజర్లు ఎత్తి, యజమానిని అడిగి ఆపుతామన్నారు, పది నిమిషాల్లో ఆపేశామని తిరిగి చెప్పారు.

బంగారురాజు ఎత్తాడు గాని నమ్మలేదు. ఆనంద్‌ను అడిగి చెబుతానన్నాడు. ఐదు నిమిషాల తరువాత తనే చేసి, ఆనంద్‌తో మాట్లాడానని, చిన్న మార్పేదో ఉందట, రేపు వచ్చి చేస్తారట, నువ్వు అనవసరంగా కంగారు పడకమ్మా అని పెట్టేశాడు. తరువాత ఆమె చేస్తే ఎత్తలేదు. అసిరయ్యకు చేసింది. మోగి మోగి ఆగిపోయింది. తొట్ల దగ్గర పనిలో ఉంటే అతను చొక్కా విప్పి మేకుకు తగిలిస్తాడు, ఫోను అందులోనే ఉంటుంది. పదిసార్లు చేసింది.

బస్సు ప్రతి ఊళ్ళోనూ ఆగింది. రోడ్డుమీద ధాన్యం బస్తాల ట్రాక్టర్లు అడ్డం వచ్చాయి. రాజాం చేరేసరికి ఒంటిగంట దాటింది. ఆటో మాట్లాడుకుని పాలకొండ రోడ్డులో మిల్లుకు వెళ్ళింది.

గేటు దగ్గర అంతా మామూలుగానే కనిపించింది. పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. కళ్ళంలో పాతికమంది ఆడవాళ్ళు ఉడికిన ధాన్యం తిరగేస్తున్నారు. బాయిలర్ షెడ్డులో ఎవరూ లేరు. పెట్టెమీద పచ్చ దీపం వెలుగుతోంది. చిన్న తెరమీద ఆమె రాసిన అక్షరాలే: అన్నీ సవ్యం. పక్కన నీళ్ళ పంపు దీపం కూడా వెలుగుతోంది. పంపు తిరుగుతోంది. కాని దాని చప్పుడు ఎప్పటిలా బరువుగా లేదు, ఖాళీ డబ్బాలో గోళీలు తిరిగినట్టుంది.

ఆమె నీటిమట్టం చూసే గాజు గొట్టం దగ్గరకు వెళ్ళింది. గొట్టం మధ్యలో ఎక్కడో నీటి గీత కనబడాలి. కనబడలేదు. గాజు మొత్తం తేటగా ఉంది.

డ్రయ్యరు వైపునుంచి ధనరాజు వచ్చాడు. ముప్పై ఏళ్ళ మనిషి, మొహంనిండా ఊక దుమ్ము. గాజు గొట్టం ఎందుకలా ఉందని ఆమె అడిగింది.

"నిండుగా ఉన్నాది మేడం. పొద్దున్నించి పంపు ఆగలేదు మరి, అందుకే నిండిపోనాది."

నిండిన గాజూ, ఖాళీ గాజూ ఒకేలా ఉంటాయన్న సంగతి ఆ క్షణంలోనే ఆమెకు తోచింది. తొట్లవైపు పరుగెత్తింది. అసిరయ్య మోకాళ్ళదాకా నీళ్ళలో నిలబడి ధాన్యం కలుపుతున్నాడు. ఆమె మొహం చూసి పార అక్కడే వదిలేసి, తడి కాళ్ళతోనే వచ్చాడు. పంపు చప్పుడు విని గుమ్మంలో ఒక్క క్షణం ఆగాడు. తరువాత గాజు గొట్టం కింద ఉన్న చిన్న కుళాయి తిప్పాడు. నీళ్ళు రావాలి. ఆవిరి మాత్రం బుస్సుమంది. ఒక్క చుక్క నీరు పడలేదు.

అసిరయ్య కుళాయి కట్టేశాడు. వెళ్ళి ఊక పోసే మోటారు ఆపాడు, గాలి ఫ్యాను ఆపాడు. ఆ రెండు చప్పుళ్ళూ తగ్గాక బాయిలర్ లోపలినుంచి సన్నగా టిక్కు టిక్కుమని ఇనుము శబ్దం వినపడింది. ధనరాజు తప్పు సర్దుకుందామని రెండో పంపు స్విచ్చు మీద చెయ్యి వేశాడు.

"నీరెట్టకు," అన్నాడు అసిరయ్య. గొంతు పెంచలేదు. "లోన ఇనుము కాలిపోయుంటాది. ఇప్పుడొక్క బిందెడు నీరెల్లినా పేలిపోతాది. అందరం పోతాం. చెయ్యి తియ్యిరా."

ధనరాజు చెయ్యి తీశాడు. చరిత కళ్ళంలోకి వెళ్ళి ఆడవాళ్ళను రోడ్డు అవతలికి పొమ్మంది. ఎందుకని వాళ్ళు అడిగితే బాయిలర్‌లో నీరు లేదని ఒక్క మాట చెప్పింది. మిల్లుల్లో పెరిగిన మనుషులు, ఇంకేమీ అడగలేదు. పారలు, చాటలు అక్కడే వదిలి వెళ్ళిపోయారు.

ఈలోపు ధనరాజు యజమానికి ఫోన్ చేశాడు. బంగారురాజు కారు పావుగంటలో వచ్చింది. ఖాళీ కళ్ళం, ఆగిన మోటార్లు చూసి అతనికి కోపం వచ్చింది. తొట్లలో ధాన్యం మాటేమిటని అడిగాడు. ఎవరిని అడిగి ఆపారన్నాడు. షెడ్డులోకి వచ్చి పెట్టె చూపించాడు.

"అన్నీ సవ్యం అని చూపిస్తన్నాది కదా. నీరు తగ్గితే మోగదా? ఒరే ధనరాజూ, రెండో పంపు వెయ్యి."

ధనరాజు అసిరయ్య వైపు చూశాడు, యజమాని వైపు చూశాడు. అతని జీతం యజమాని చేతిలో ఉంది. స్విచ్చు వైపు ఒక అడుగు వేశాడు. చరిత వెళ్ళి స్విచ్చు బోర్డుకు వీపు ఆనించి నిలబడింది.

"ఆ పెట్టె రాసింది నేనండీ," అంది. "అది నీటిని చూడట్లేదు. మీరు కొన్న రోజునుంచీ చూడలేదు. నీరు దించి పరీక్ష చెయ్యకుండానే చేశానని సంతకం పెట్టాను. అది ఏం చూపిస్తున్నా నమ్మకండి. అసిరయ్య బాబాయ్ చెప్పింది వినండి."

బంగారురాజు ఆమెను చూశాడు. పెట్టెమీద పచ్చ దీపాన్ని చూశాడు. లోపల ఇనుము మళ్ళీ టిక్కుమంది. అతని మొహంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. గిరుక్కున తిరిగి బయటకు నడిచాడు. ధనరాజు వెనకే వెళ్ళాడు. పద పాపా అన్నాడు అసిరయ్య. ఇద్దరూ గుమ్మం దాటారు.

కళ్ళం సగం దాటాక అసిరయ్య వెనక్కి తిరిగి పొగగొట్టం చూశాడు. పొగ ఇంకా గట్టిగానే లేస్తోంది. పొగదారి మూసే రేకు తెరిచే ఉండిపోయింది, అది తెరిచి ఉన్నంతసేపూ గాలి లాగి లోపల మిగిలిన ఊక మండుతూనే ఉంటుంది. మూసొస్తానని చెప్పాడు. వద్దని ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"మూసెయ్యకపోతే ఆరదు పాపా," అని చెయ్యి విడిపించుకుని వెళ్ళాడు.

ఆమె అక్కడే నిలబడింది. షెడ్డులో గొలుసు లాగిన చప్పుడు, రేకు పడిన చప్పుడు వినిపించాయి. పొగ పలచబడింది. అతను గుమ్మంవైపు రావడం కనిపించింది. అప్పుడు లోపల పెద్దగా దగ్గినట్టు ఒక శబ్దం వచ్చింది. బాయిలర్ మరీ వేడెక్కితే కరిగిపోవడానికని పెట్టే సీసం ప్లగ్గు అప్పుడు కరిగింది. ఉన్న ఆవిరంతా పొయ్యిలోకి తన్నింది. పొయ్యి తలుపు విరిగి, నిప్పూ బూడిదా ఆవిరీ కలిసి షెడ్డు నిండిపోయాయి. తెల్లటి ఆ మబ్బులోంచి అసిరయ్య ఎడమ చెయ్యి పక్కకు పెట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. కళ్ళంలో ఆరబోసిన ధాన్యంమీదికి వచ్చి, మెల్లిగా కూర్చున్నాడు.

బాయిలర్ పేలలేదు. సాయంత్రానికి చల్లారింది. లోపల గొట్టాలు వంగిపోయాయి. నీళ్ళ ట్యాంకు అడుగున జల్లెడకు తుప్పు, నాచు పట్టి మూసుకుపోవడంతో పంపుకు నీరు అందలేదని తేలింది. అసిరయ్యకు ఎడమ చెయ్యి, మెడ, చెవి కాలాయి. శ్రీకాకుళం ఆసుపత్రిలో ఇరవై రోజులు ఉన్నాడు. చేతి వేళ్ళు రెండు మళ్ళీ ముడుచుకోలేదు.

చరిత అతన్ని చూడడానికి రెండోరోజే వెళ్ళింది. మంచం పక్కన నిలబడింది. జరిగిన తప్పు ఏమిటని అతనే అడిగాడు. తల్లి, పిల్ల, గదులు, అన్నీ చెప్పింది. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. పరీక్ష కాగితంమీద పెట్టిన టిక్కు సంగతి కూడా చెప్పింది. అప్పుడు కళ్ళు తెరిచాడు.

"లెక్క తప్పడం ఏటుంది, ఎవులికైనా తప్పుతాది," అన్నాడు. "సెయ్యని పని సేసినానని రాసినావు సూడు, అది తప్పు పాపా."

ఆమె అవునంది. అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

వారంలో బాయిలర్ల తనిఖీ అధికారి మిల్లుకు వచ్చాడు. ఆనంద్‌కుమార్ ముందే ఒక కాగితం తయారుచేసి ఉంచాడు. జల్లెడ శుభ్రం చెయ్యకపోవడం, గాజు గొట్టం సరిగ్గా చూడకపోవడం ధనరాజు అజాగ్రత్త అని అందులో ఉంది. పెట్టె పరీక్ష కాగితం జతచేశాడు, నాలుగో వరుసలో టిక్కుతో సహా. జల్లెడ మాటా గాజు గొట్టం మాటా అబద్ధం కాదు కదా, నువ్వు నోరు మెదపకుండా ఉంటే చాలని చరితతో అన్నాడు. ధనరాజు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అతనిమీద కేసు పడుతుందని మిల్లంతా అనుకుంటున్నారు.

అధికారి ఆ టిక్కుమీద వేలు పెట్టి ఇది ఎవరిదని అడిగాడు.

"నాదండీ," అంది చరిత. "ఆ పరీక్ష చెయ్యలేదు." తరువాత ప్రోగ్రాంలో తప్పు, ఆదివారం ఉదయం ఆనంద్‌కుమార్‌తో మాట్లాడింది, అన్నీ వరుసగా చెప్పింది. అధికారి రాసుకున్నాడు. ఆమెచేత మళ్ళీ సంతకం చేయించాడు.

ఉద్యోగం ఆవేళే పోయింది. వర్క్‌షాపు మూతపడింది. ఆమెకు ఏ శిక్షా ఇంకా తేలలేదు, పిలిచినప్పుడల్లా వెళ్ళి అదే మాట చెప్పి వస్తోంది. ధనరాజు పని పోలేదు. మిగతా ఆరు మిల్లుల పెట్టెలకు ఆమె విశ్వనాథ్ మాస్టారిని పక్కన పెట్టుకుని ప్రోగ్రాం మార్చింది. ఈసారి తల్లికి జవాబు లేదు. ఒక్కొక్క మిల్లులో నీరు నిజంగా దించి, హూటరు మోగి మంట ఆగేదాకా మాస్టారు కుర్చీలోంచి లేవలేదు.

ఆరోది అయిపోయాక ఆమె బోర్డుల వరుస నంబర్లు సరిచూసుకుంది. మిల్లులకు ఇచ్చిన ఏడూ సరిపోయాయి. మూతపడిన వర్క్‌షాపులో మిగిలిన బోర్డులు లెక్కపెడితే ఒకటి తక్కువ వచ్చింది. ఎనిమిదో నంబరు ఎక్కడా లేదు.

ఆనంద్‌కుమార్ మొదట తెలియదన్నాడు. మూడోసారి అడిగితే చెప్పాడు. ఆమె బొబ్బిలి వెళ్ళిన ఒకరోజు పార్వతీపురం వైపునుంచి ఎవరో వచ్చి, ఎవరికో బాయిలర్‌కు కావాలని అడిగి, ఆమె ప్రోగ్రాం ఎక్కించిన పెట్టె ఒకటి ఆటోలో పట్టుకుపోయారు. పేరు రాసుకోలేదు. ఇచ్చిన ఫోన్ నంబరు వాడుకలో లేదు.

అప్పటినుంచి చరిత ప్రతివారం బస్సెక్కుతోంది. మాస్టారి క్లాసుకు కాదు. పార్వతీపురం, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, ఒడిశా సరిహద్దు దాటి గుణుపురం. ఉప్పుడు బియ్యం మిల్లులు, జీడిపప్పు ఉడికించే షెడ్లు, బట్టలకు రంగులద్దే చోట్లు, బాయిలర్ ఉన్న ప్రతిచోటా గేటు దగ్గర నిలబడి ఫోనులో పెట్టె ఫొటో చూపిస్తుంది. చాలామంది చూసి లేదంటారు. కొందరు లోపలికి రానివ్వరు. అలాంటిచోట గోడ బయట నిలబడి, బాయిలర్ చప్పుడు కాసేపు విని, అవతల ఎవరైనా వస్తే వాళ్ళను అడుగుతుంది.

పోయిన వారం గుమ్మలక్ష్మీపురం దాటాక ఒక జీడిపప్పు షెడ్డులో లక్ష్ముడు అనే ముసలాయన ఆ ఫొటోను చాలాసేపు చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఇదా? ఇది మా కాడే ఉండీది. రెండు నెలలు వాడినాం," అన్నాడు. "యజమాని ఈ పని ఆపీసి బాయిలరూ పెట్టీ కలిపి అమ్మీసినాడు. బాగా పనిసేస్తాదని కొన్నోడు మోజుపడి పట్టుకెళ్ళినాడు."

ఎవరు కొన్నారని ఆమె అడిగింది. పేరు గుర్తులేదన్నాడు. లారీ ఎటు వెళ్ళిందని అడిగింది. ముసలాయన బయటకు వచ్చి, కొండల మధ్యకు పోయే ఘాట్ రోడ్డు చూపించాడు. అటు ఎన్ని ఊళ్ళున్నాయని అడిగితే, సాలా ఉన్నాయమ్మా అన్నాడు.

మధ్యాహ్నం బస్సు వెళ్ళిపోయింది. తరువాతిది నాలుగింటికి. ఆమె రోడ్డు పక్కన రాతిమీద కూర్చుని, ఆ ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే ఆయనచేత చెప్పించుకుని రాసుకోసాగింది.